కుక్కల్ని కట్టేసే పండగ

ఓచ్ అంటే నాకు ఒళ్ళు మంట. పిల్లి అంత ఒళ్ళు, పందికొక్కు మూతి, వెంట్రుక మొలవని తోక. పొట్ట కింది సంచిలో పిల్లల్ని వేసుకుని, ఊళ్ళో రాళ్ళగోడలన్నీ తన తాత కట్టించినట్టు వాటి మీద తీరుబడిగా నడిచొస్తుంది. కోడిని పడితే పూర్తిగా తినదు. తల కొరికి, మెడ కొరికి, మిగతాది అక్కడే పడేసి ఇంకో కోడి మీదికి పోతుంది. ఆకలికి తినేదాన్నయితే క్షమించొచ్చు. రుచి చూసి పారేసేదాన్ని ఎలా క్షమించను? పైగా కర్రతో ఒక్కటి వేస్తే చచ్చినట్టు పడిపోతుంది. మా ఆయన బతికున్నప్పుడు అలా పడ్డదాన్ని తోక పట్టుకుని తీసుకెళ్ళి ఊరి బయట పారేసి వచ్చాడు. ఆయన చేతులు కడుక్కుని భోజనానికి కూర్చునేలోగా అది లేచి వెళ్ళిపోయిందని ఎవరో వచ్చి చెప్పారు. ఆ మాట ఎత్తితే ఆయనకు చివరిదాకా కోపమే.

అందుకే నిదెల్వియా కోళ్ళు పెంచుతానన్నప్పుడు ముందు ఓచ్ గురించే చెప్పాను.

నిదెల్వియా మా ఎలీహియా వదిన కోడలు. వదిన అంటే చుట్టరికం కాదు. ఆవిడ కొడుకు, అంటే నిదెల్వియా మొగుడు, విల్బెర్త్‌కి నేను జ్ఞానతల్లిని. బాప్తిస్మమప్పుడు గుడిలో ఆ పిల్లాణ్ణి నా చేతులతో ఎత్తుకున్న రోజు నుంచి మేమిద్దరం వదినా అంటే వదినా అనుకుంటున్నాం. మా రెండు పెరళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆ గోడ మీదుగా ఉప్పూ మిరపకాయలే కాదు, విల్బెర్త్ కూడా దాటేవాడు. వాళ్ళింట్లో తిట్లు పడితే మా ఇంట్లో తినేవాడు.

ఫిబ్రవరిలో, సముద్రం ఒడ్డున కడుతున్న ఒక హోటల్ పై అంతస్తు నుంచి విల్బెర్త్ పడిపోయాడు. శవాన్ని పెట్టెలో పెట్టి మూత బిగించి పంపారు. తెరవొద్దన్నారు. ఎలీహియా ఆ పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది కానీ కొడుకు ముఖం చూడలేదు. మేమెవరమూ చూడలేదు.

ప్రార్థనలన్నీ అయిపోయి, వచ్చిన జనం వెళ్ళిపోయాక, నిదెల్వియా ఒకరోజు గోడ దగ్గరికొచ్చి గుడ్లు పొదుగుతున్న పెట్ట కావాలంది.

"ఇప్పుడు కోళ్ళెందుకే పిల్లా?"

"పండక్కి పిన్నీ. పీబ్‌లోకి ఇంటి కోడే కావాలి ఆయనకి. సంతలో కోడి వేస్తే తడిగుడ్డ నమిలినట్టుందని పోయినేడు కూడా సణిగాడు. చచ్చిపోయాక మొదటిసారి వస్తున్నాడు. ఈసారి సణగనివ్వను."

పీబ్ అంటే చనిపోయినవాళ్ళు ఇంటికొచ్చే పండక్కి మేం గుంతలో పెట్టి కాల్చే కోడి రొట్టె. పట్నం నుంచి బస్సులో వచ్చేవాడి గురించి చెప్పినట్టే చెప్పింది. పెట్టనీ, దాని కింది గుడ్లనీ బుట్టతో సహా ఇచ్చేశాను.

ఆ తర్వాత ఆ పిల్ల పడ్డ పాట్లు చూడాలి. పుల్లల్ని అడవితీగతో దగ్గరదగ్గరగా కట్టి, నాలుగు గుంజల మీద గూడు నిలబెట్టింది. అడుగున రాళ్ళు కూరింది. గోడ మీదికి వాలిన కొమ్మలన్నీ నరికింది. ఎంత గూడు కట్టినా మా కోళ్ళకు నారింజ చెట్టు మీదే మనసు, అందుకని చెట్టు మొదలుకు రేకు చుట్టమన్నాను. రేకు మీద ఓచ్ గోళ్ళు నిలవవు, జారి పడుతుంది. నిదెల్వియా రేకు చుట్టి, పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి, ఎక్కడా పట్టు దొరకదని చూసుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తయితే బోష్ ఒక ఎత్తు. బోష్ అంటే మా మాటలో నలుపు. విల్బెర్త్ తెచ్చి పెంచిన కుక్క. వాడు పోయాక కొన్నాళ్ళు గేటు దగ్గరే పడుకుంది, పిలిచినా రాలేదు. కోడిపిల్లలు వచ్చాక గూటి కిందికి మారింది. చీకటి పడితే గోడ వెంబడి ఒక చుట్టు తిరిగొచ్చి అక్కడ పడుకునేది. ఎండలో ఎండుతున్న గుమ్మడి గింజల కోసం మా పెరట్లోకి వచ్చే ఓచ్‌లు కూడా దాని దెబ్బకు రావడం మానేశాయి. నేను అప్పుడప్పుడూ ఓ టోర్తియా రొట్టె విసిరేదాన్ని, కాపలా కూలి అనుకుని.

అక్టోబరు చివరికి కోళ్ళు నిగనిగలాడుతూ తయారయ్యాయి. బోడిమెడ జాతి, బరువైన ఒళ్ళు. ఒక్క చుక్కల పెట్ట మాత్రం చెప్పిన మాట వినదు. అన్నీ గూట్లోకి పోతే అది వంటింటి కప్పెక్కుతుంది. నిదెల్వియా దాన్ని తిట్టినన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టగా నేను వినలేదు. "నీకు మొగుడొస్తే వాడికి చెప్తానుండు" అనేది.

పండగ మొదటి రోజు పొద్దున నేను గోడకివతల మిరపకాయలు కోస్తున్నాను. ఎలీహియా గొంతు వినిపించింది.

"ఆ తాడు ఇలా తే."

"దేనికత్తా?"

"దేనికేమిటే, ఈ ఊళ్ళో పుట్టలేదా నువ్వు? చచ్చిపోయిన చిన్నపిల్లలు ఇవాళొస్తారు, పెద్దవాళ్ళు రేపొస్తారు. కుక్క కంటికి వాళ్ళు కనపడతారు. మీద పడి మొరిగిందంటే గేటు దాకా వచ్చినవాళ్ళు గేటు నుంచే పోతారు."

"బోష్ ఆయన కుక్క కదత్తా. ఆయన్ని చూసి ఎందుకు మొరుగుతుంది?"

"బతికున్నవాణ్ణి చూసి మొరగదు."

"దీన్ని కట్టేస్తే కోళ్ళ సంగతేంటి? గోడ మీద ఓచ్ పెంట చూశాను నిన్న. రోజూ వచ్చి చూసుకుని పోతోంది."

"గూటికి తలుపు లేదా?"

"తలుపుని చూసి అది భయపడదు. బోష్‌ని చూసి భయపడుతుంది."

"నా కొడుకు కంటే కోళ్ళు ఎక్కువా నీకు?"

"ఆ కోళ్ళని ఎవరి కోసం పెంచానత్తా?" నిదెల్వియా గొంతు కీచుగా లేచింది. "చెప్పండి. నాకోసమా? నేను ఎనిమిది నెలల్నించి కోడికూర రుచి ఎరగను!"

ఇద్దరూ ఆగి గోడ మీదుగా నావైపు చూశారు.

"నా మొహం చూడకండి," అన్నాను. "మా కుక్క ఎప్పుడో చచ్చింది. దాన్ని కట్టే బాధా లేదు, విప్పే బాధా లేదు."

నవ్వుతారనుకున్నాను. ఎలీహియా నవ్వలేదు. తాడు కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నువ్వే చెప్పు వదినా," అంది, గొంతు బాగా తగ్గించి. "మూత తియ్యనివ్వలేదు కదా. ఆ మొహం ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలీదు. కన్నతల్లిని, నాకే తెలీదు. కుక్క గుర్తు పట్టకపోతే? వాడు ఇంత దూరం వచ్చి, సొంత కుక్కే మీద పడితే, ఇల్లు కాదేమో అనుకుని వెళ్ళిపోడూ?"

ఆవిడ చేతిలో తాడు నిదెల్వియా తీసుకుంది. బోష్‌ని పెరటి చివరికి తీసుకుపోయి సపోటా చెట్టుకు కట్టింది. చీకటి పడేలోగా గూటి పుల్లలన్నీ ఒక్కొక్కటే కదిపి చూసింది. తలుపుకు అడ్డంగా రోలు దొర్లించింది.

మర్నాడు పొద్దున నాకు మెలకువ రావడానికి కారణం చప్పుడు లేకపోవడం. వాళ్ళ పుంజు కూయలేదు.

గోడ దగ్గరికి వెళ్ళేసరికి నిదెల్వియా గూటి ముందు గొంతుక్కూర్చుని ఉంది. తలుపు వేసింది వేసినట్టే ఉంది, రోలు కదల్లేదు. వెనక వైపు, వానలకు నాని కుళ్ళిన తీగ తెగి రెండు పుల్లలు పక్కకు జరిగాయి. నా పిడికిలి మాత్రమే పట్టేంత సందు. ఓచ్ దానిలోంచి వచ్చి, దానిలోంచే పోయింది. కోళ్ళకి తలల్లేవు. ఒళ్ళు మాత్రం మిగిల్చింది. కట్టేసిన బోష్ తాడును గుంజి గుంజి మెడ చుట్టూ తోలు ఒలుచుకుంది. సపోటా చెట్టు చుట్టూ నేల దున్నినట్టయింది. అది ఎంత మొరిగి ఉంటుందో. ఊరంతా కట్టేసిన కుక్కలు మొరుగుతుంటే ఎవరికి మాత్రం వినిపిస్తుంది?

ఆ పూట ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఇదే గోల. ఒకరి బాతులు పోయాయి, ఇంకొకరి టర్కీ పిల్లలు పోయాయి. మనుషులు చనిపోయినవాళ్ళ కోసం కుక్కల్ని కట్టేశారు, ఓచ్‌లు ఏడాదికోసారి వచ్చే పండగ చేసుకున్నాయి. ప్రతి ఏడూ ఇదే తంతు, ప్రతి ఏడూ తిట్టుకుంటాం, మళ్ళీ కట్టేస్తాం.

ఎలీహియా బయటికొచ్చి చూసింది. బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"వాడొస్తే ఏం పెట్టను?" అంది.

కోడలు "నేను చెప్పలేదా" అంటుందని ఎదురు చూశాను. అనలేదు. అనేసి ఉంటే బాగుండేది. చచ్చిన కోళ్ళను ఒక్కొక్కటే గోనె మీద పేర్చి, చేతులు కడుక్కొచ్చి, బోష్ మెడకు పందికొవ్వు రాసింది. అప్పుడు వంటింటి కప్పు మీంచి గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న చప్పుడు వచ్చింది. చుక్కల పెట్ట. చెప్పిన మాట విననిదే బతికింది.

ఎలీహియా తలెత్తి దాన్ని చూసింది. "ఇది చాలు పీబ్‌కి," అంది. "దింపు దాన్ని."

నిదెల్వియా కప్పు మీదికి చేతులు చాపి పెట్టను దింపి, రొమ్ముకు హత్తుకుంది. "దీన్ని కొయ్యనివ్వనత్తా."

"మరి?"

"నాకు తెలీదు. దీన్ని మాత్రం కొయ్యనివ్వను. గుడ్డులో ఉన్నప్పట్నుంచీ సాకాను. ఇది కూడా పోతే ఈ ఏడాదంతా నేనేం చేశాననుకోవాలి?"

అత్త మొహంలోకి కోపం వచ్చింది, మళ్ళీ పోయింది. నేనిక ఆగలేకపోయాను. మా పెట్టల్లో బలిసినదాన్ని కాళ్ళు కట్టి గోడ మీంచి అందించాను. మా గూటికి గోడలు మా ఆయన రాతితో కట్టాడు, కోపంతో కట్టాడు, అందుకే నిలిచాయి.

ఎలీహియా కోడిని అందుకుంది కానీ మొహం ముడుచుకుంది. "వాడికి తెలిసిపోతుంది వదినా, మనింటి కోడి కాదని."

"ఎలా తెలుస్తుందమ్మా? సగం మధ్యాహ్నాలు వాడు తిన్నది మా ఇంట్లోనేగా? నీ కూర రుచి కంటే నా కూర రుచే వాడికి బాగా తెలుసు."

"అదీ నిజమే. దొంగ వెధవ," అంది ఎలీహియా. ఆ రోజంతటిలో ఆవిడ మొహంలో నవ్వులాంటిది కనిపించింది అప్పుడే.

గుంత తవ్వి, మా తమ్ముడు కట్టెలూ రాళ్ళూ పేర్చి నిప్పంటించి వెళ్ళాడు. మేం ముగ్గురం కూర్చుని మొక్కజొన్న పిండిలో కొవ్వు కలిపి పిసికాం. ఎర్ర మసాలాలో ఉడికిన కోడిని మధ్యలో పరిచి, పిండి మూత వేసి, అరటాకుల్లో కట్టాం. రాళ్ళు ఎర్రబడ్డాక పీబ్‌ను గుంతలో దింపితే, పైన కప్పడానికి రేకు చాల్లేదు. ఎలీహియా నారింజ చెట్టుకు చుట్టిన రేకు విప్పి తెచ్చింది. నిదెల్వియా చూసింది. ఏదో అనబోయి, పీబ్ మీదికి ఆవిరి తప్పించుకోకుండా మన్ను లాగడంలో పడింది. ఈ పండగ రోజున పీబ్ మీదికి రేకు కావాలంటే ఏ ఆడదీ కాదనదు.

సాయంత్రానికి బల్ల సిద్ధమైంది. ఆకుపచ్చ శిలువ, కొవ్వొత్తులు, గుంతలోంచి తీసిన పీబ్, చిలికిన చాక్లెట్ కప్పు, వాడికిష్టమైన నారింజ సోడా సీసా. వాడి ఫొటో లేదు అక్కడ. ఉన్నవన్నీ పెళ్ళి ఫొటోలే, ఆ నవ్వు చూడలేనని ఎలీహియా పెట్టనివ్వలేదు. ఫొటోకు బదులు కొత్త చొక్కా మడత పెట్టి ఉంచింది. బల్ల ముందు ఖాళీ కుర్చీ. గేటు నుంచి గుమ్మం దాకా గోడ మీద వరసగా కొవ్వొత్తులు వెలిగించాం, దారి తప్పకుండా.

జపమాల నేనే చెప్పాలి. మోకాళ్ళు సర్దుకుంటుండగా నిదెల్వియా లేచి బయటికి నడిచింది. పెరటి చివరి నుంచి తిరిగొస్తుంటే ఆమె వెంట బోష్ ఉంది. మెడకు తాడు లేదు.

ఎలీహియా మోకాళ్ళ మీంచి లేచింది. "ఏం చేశావే? కట్టెయ్ దాన్ని! వాడొచ్చే వేళయింది!"

"కట్టనత్తా."

"మొరుగుతుందే!"

"మొరగనీ." నిదెల్వియా గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. తుడుచుకోవడం లేదు. "మొరగనీ అత్తా. కొవ్వొత్తులు వెలిగిస్తాం, కుర్చీ వేస్తాం, వచ్చాడో రాలేదో ఎవరికి తెలుసు? మీకు తెలుస్తుందేమో. నాకు తెలియదు. దానికొక్కదానికే కనపడతాడన్నారుగా. అది మొరిగితే నాకు తెలుస్తుంది. వచ్చాడని తెలిస్తే చాలు. గేటు నుంచి పోయినా సరే."

నేను జపమాల అందుకున్నాను. నాకు ఇంకో దారి తోచలేదు.

బోష్ గుమ్మం ముందు కాసేపు నిలబడి మమ్మల్ని చూసింది. తర్వాత వెళ్ళి గేటు దగ్గర పడుకుంది, ఫిబ్రవరిలో పడుకున్నట్టు. మేం జపం చెబుతున్నాం. నా నోరు మాటల మీద ఉంది, చెవులు గేటు మీద ఉన్నాయి. మిగిలిన ఇద్దరివీ అంతే. ఆకాశంలో వెలుగు పూర్తిగా పోయింది. చుక్కల పెట్ట పగిలిన గూడు వద్దనుకుని నారింజ చెట్టెక్కిన చప్పుడు విన్నాను. జపమాల సగానికి వచ్చింది. బోష్ కదల్లేదు. నిదెల్వియా భుజాలు కొద్దికొద్దిగా కిందికి జారుతున్నాయి. ఎలీహియా కళ్ళు గట్టిగా మూసుకుంది. దేవుణ్ణి తిట్టకూడదు కానీ, ఆ క్షణాన తిట్టాను. ఆ కుక్క చేత ఒక్కసారి మొరిగిస్తే నీ సొమ్మేం పోయిందని అడిగాను.

అప్పుడు బోష్ మొరిగింది.

ఒక్కసారి కాదు, ఆగకుండా. ఎలీహియా కళ్ళు తెరిచింది. "వాడే," అంది. "వచ్చాడు. నా బిడ్డ వచ్చాడు."

కుక్కల అరుపు నాకు తెలియంది కాదు. మనిషిని చూస్తే ఒకలా మొరుగుతుంది, పామును చూస్తే ఒకలా. ఇలా గుక్క తిప్పుకోకుండా, మెడ పైకెత్తి మొరిగేది చెట్టు మీద ఉన్నదాన్ని చూసి. గొంతు గేటు దగ్గర నుంచి రావడం లేదు. నారింజ చెట్టు కింద నుంచి వస్తోంది. మరు క్షణం పెట్ట గీపెట్టింది. చెట్టు మొదలుకు రేకు లేదు. కింద కుక్క ఎగరగలదే కానీ ఎక్కలేదు. ఎవరైనా కర్ర పట్టుకుని వెళితే తప్ప ఓచ్ దిగదు.

నేను లేవబోయాను. ఎలీహియా నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్ళల్లో అంత బలం ఉందని నాకు తెలియదు.

"కూర్చో వదినా. వెళ్ళకు. ఎవరూ బయటికి చూడొద్దు. మనం చూస్తే సిగ్గుపడి పోతాడు."

ఆవిడ కళ్ళల్లోకి చూశాను. కోడి అరుపు ఆవిడకూ వినపడుతోంది.

నిదెల్వియా అప్పటికే గుమ్మం పక్కనున్న పొడవాటి కర్ర అందుకుంది. ఒక కాలు బయట పెట్టింది. పెట్ట గొంతు చీలుస్తోంది, పిల్ల వేళ్ళు కర్ర మీద బిగిసి ఉన్నాయి. వెళితే నాలుగు అడుగుల్లో చెట్టు. వెళితే కోడి బతుకుతుంది. వెళితే చెట్టు మీద ఉన్నదేమిటో దీపం వెలుగులో కనపడుతుంది, దాని తోకా, దాని మూతీ, అన్నీ కనపడతాయి.

ఆమె వెనక్కి తిరిగి అత్త మొహం చూసింది. తర్వాత పెట్టిన కాలు లోపలికి తీసుకుంది. కర్రను చప్పుడు కాకుండా గోడకు ఆనించింది.

"అవునత్తా," అంది. "ఆయనే."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి, అరటాకు విప్పి, పీబ్‌లోంచి పెద్ద ముక్క కోసింది. ఎర్ర మసాలా ఆవిరి వాసన గదంతా నిండింది. ముక్క చెదరనివ్వకుండా పళ్ళెంలో పెట్టి, ఖాళీ కుర్చీ ముందుకు జరిపింది. ఎలీహియా కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది, పెట్టె మీద వేసినట్టే.

"కూర్చో నాన్నా," అంది. "చల్లారిపోతుంది. తిను."

బయట పెట్ట అరుపు తెగిపోయింది. మేం ముగ్గురం విన్నాం. ఎవరమూ గుమ్మం వైపు తల తిప్పలేదు.